టెక్కలి నుంచి కెనడాలోని బ్రాంప్టన్ వచ్చాం, ఆదివారం ఆరాధనకి ఎక్కడికి వెళ్ళాలి?

టెక్కలి ఆడపడుచు:
అందరికీ వందనాలు. టెక్కలి నుంచి బ్రాంప్టన్ వచ్చి రెండు నెలలైంది. వచ్చిన మూడో వారంలో నాన్నగారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. భూస్థాపన ఫోన్లోనే చూశాను. నాకిప్పుడు ఐదో నెల. మా ఆయనకి వేర్‌హౌస్‌లో పని, ఆదివారం డ్యూటీ తప్పదు, మంగళవారం సెలవు. "మందిరానికి వెళ్ళావా?" అని అమ్మ వారం వారం అడుగుతుంది. ఏం చెప్పాలో తెలియడం లేదు. బస్సులో వెళ్ళగలిగే దూరంలో తెలుగు సహవాసం ఉంటే చెప్పండి.

పలాస అన్నయ్య:
చెల్లీ, నాన్నగారి సంగతి చదివి మనసు కలుక్కుమంది. మందిరం విషయానికి వస్తాను గానీ, ముందు నువ్వుంటున్న ఇంటికి అగ్రిమెంటు ఉందా? మన బ్రాంప్టన్ ఉన్న ఒంటారియో రాష్ట్రంలో 2018 ఏప్రిల్ 30 నుంచి రాసుకునే ఇంటద్దె ఒప్పందానికి ప్రభుత్వం ఇచ్చిన ఫారమే వాడాలి. చివరి నెల అద్దె ముందుగా తీసుకోవచ్చు. డ్యామేజీ డిపాజిట్ మాత్రం అడగకూడదు.

ఇది తెలీకే నేను మునిగాను. మా ఓనరు తెలుగాయనే, విశ్వాసే. బ్రదర్ అని పిలిచాడు కదాని కాగితం లేకుండా డిపాజిట్ కట్టీసాను. మాది బేస్‌మెంటు. హీటరు మీట పైన వాళ్ళ హాల్లో ఉండేది. జనవరి నెల, మా పాప పుట్టి పన్నెండో రోజు. గోడ ముట్టుకుంటే చెయ్యి జిల్లుమనేది. అడిగితే "గ్యాసు బిల్లు నువ్వు కడతావా?" అన్నాడు. రాత్రి కుటుంబ ప్రార్థనలో పాట ఎత్తుకుంటే పైనుంచి కర్రతో నేల మీద కొట్టేవాళ్ళు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా నాన్న వేసిన జీడితోట మొత్తం పడిపోయినప్పుడు కూడా దేవుణ్ణి ఎందుకని అడగలేదు. ఆ రాత్రి అడిగాను.

మర్నాడు పక్కవీధి చర్చి నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. ఒక చేతిలో తువ్వాలు చుట్టిన సూపు గిన్నె, ఇంకో చేతిలో చిన్న హీటరు. చల్లటి నేల మీదే కూర్చుని, పాప పాదాలు రెండూ అరచేతుల్లో పెట్టుకుని ప్రార్థన చేసింది. ఒక్క ముక్క తెలుగు లేదు. తెలుగు సంఘం దొరికేదాకా ఆగకు చెల్లీ. ఈ ఆదివారమే నడిచి వెళ్ళగలిగే చర్చికి వెళ్ళు.

బొబ్బిలి మాస్టారు:
పలాస తమ్ముడి మాటే నా మాట. కెనడా బాప్టిస్టులు 1874లో కాకినాడలో పని మొదలుపెట్టి మన వైపు వచ్చారు, మన భాష నేర్చుకున్నారు. సోంపేట ఆసుపత్రిలో కంటి ఆపరేషన్లు చేసిన డాక్టర్ బెన్ గలిసన్ ఈ దేశం వారే. ఆ పనికి అండగా 1963లో కాల్గరీలో పుట్టిందే ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ. నేను మొదటిసారి ఇక్కడి చర్చికి వెళ్ళినప్పుడు, మీదెక్కడ అంటే సోంపేట ఆసుపత్రి వైపు అన్నాను. వెనక బెంచీలో ముసలాయన లేచి నిలబడ్డారు. చిన్నప్పుడు సండేస్కూల్లో ఆ ఆసుపత్రి కోసం చిల్లర పోగుచేశారట. బబులోనుకి చెరగా వెళ్ళినవాళ్ళకి, ఉన్న ఊరి క్షేమం కోసం ప్రార్థించమని యిర్మీయా రాసిన ఉత్తరం, 29వ అధ్యాయం, మీ ఆయనా నువ్వూ కలిసి చదువుకోండి.

విజయనగరం అక్క:
మాస్టారూ, క్షమించండి, నేను ఒప్పుకోను. మా అమ్మ పోయినప్పుడు మా ఇంగ్లీషు చర్చి వాళ్ళు పూలు తెచ్చారు, వారం రోజులు వండి పెట్టారు. వాళ్ళ ప్రేమకి వంక పెట్టను. కానీ మన దగ్గర శవం లేచేదాకా ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని రాత్రంతా కీర్తనలు పాడతారే, నాకు అది కావాల్సివచ్చింది. ఇంగ్లీషులో నాకు ఏడుపు రాలేదు. ఈ పిల్లకి తండ్రి పోయి నెల దాటింది అంతే. చెల్లీ, నీ నంబరు నాకు విడిగా పంపు.

సోంపేట తమ్ముడు, కువైట్:
ఆదివారమే కావాలని ఎందుకక్కా? ఇక్కడ మాకు సెలవు శుక్రవారం. కువైట్ సిటీలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో ఎన్నో భాషల వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఆరాధన చేసుకుంటారు. తొమ్మిదేళ్ళుగా నాకు శుక్రవారమే ప్రభువు దినం.

బొబ్బిలి మాస్టారు:
ప్రభువు తిరిగి లేచింది ఆదివారం తమ్ముడూ. అపొస్తలుల కార్యములు 20:7 చూడు, రొట్టె విరవడానికి కూడుకున్నది ఆదివారమే.

సోంపేట తమ్ముడు, కువైట్:
రోమా పత్రిక 14వ అధ్యాయం కూడా చూడండి మాస్టారూ, అన్ని దినాలూ సమానమని ఎంచేవాళ్ళ గురించి ఉంది. ఆదివారం సెలవు దొరకని కూలివాడికి ప్రభువు తలుపు మూస్తాడా?

విజయనగరం అక్క:
ఆ చర్చ తర్వాత చేసుకోండి. పిల్ల అడిగింది బస్సు.

టెక్కలి ఆడపడుచు:
అక్క నిన్న ఫోన్ చేశారు, చాలాసేపు ఇద్దరం పాడుకున్నాం. ఆదివారం మా వీధి చివరి చర్చికి ఒక్కదాన్నే వెళ్ళాను. మంగళవారం రాత్రి తొమ్మిదికి, అంటే అక్కడ ఉదయం ఆరున్నరకి, అమ్మకి వీడియో పెట్టి మా ఆయనా నేనూ ప్రార్థనకి కూర్చున్నాం. అమ్మ నాన్నగారి కీర్తనల పుస్తకం తెచ్చింది. ఆయన కళ్ళజోడు ఆ పేజీల మధ్యే ఉంది. తియ్యకుండా పక్క పేజీలో పాట పాడింది.

పలాస అన్నయ్య:
దేవునికి స్తోత్రం. అగ్రిమెంటు కాగితం ఫొటో తీసి పంపమ్మా, ఈ రాత్రే చూస్తాను.