దేవత కళ్లెదుటే ఉండే లోకంలో భక్తుడు "చెయ్యను" అంటే ఏం జరగాలి?

అందరికీ నమస్కారం. బెంగళూరు మారతహళ్ళిలో కొంతమంది తెలుగువాళ్లం ఆదివారాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం. ఒకరు కథ నడిపితే మిగతావాళ్లు తలా ఒక పాత్రగా మాటలతో ఆడే ఆట ఇది. కథ నడిపేది నేనే, లోకమూ నేను అల్లుకున్నదే. అందులో దేవుళ్లు నిజంగా దిగివస్తారు, వరాలిస్తారు, శిక్షిస్తారు.

పోయిన వారం నదీదేవత తన పూజారిణిని ఒక ఊరు ముంచెయ్యమంది. ఆ పాత్ర ఆడే అమ్మాయి, "దేవత ఉందని అందరికీ తెలిసినప్పుడు ఇందులో నమ్మకం ఏముంది? యజమాని మాట వినడమే కదా" అని అడిగింది. జవాబు తోచక ఆట అక్కడే ఆపాను.

1974లో ఈ ఆట వచ్చినప్పటి నుంచీ క్లెరిక్ (దేవుడి నుంచి మంత్రశక్తి పొందే పూజారి) పాత్ర ఉంది. దేవుడి మాట కాదంటే మంత్రాలు పోవడం పాత పద్ధతి. నాకది నచ్చదు, జీతం కోసినట్టు ఉంటుంది. 2014లో వచ్చిన ఆట నియమాల్లో పాలడిన్ (ప్రమాణం పట్టిన ధర్మయోధుడు) బలానికి మూలం ముఖ్యంగా అతను పట్టిన ప్రమాణమే. అది కొంత నయం.

మన బలి చక్రవర్తినే చూడండి. వచ్చినవాడు విష్ణువని శుక్రాచార్యుడు హెచ్చరించినా, గురువు మాట కాదని, శాపం భరించి మరీ దానమిచ్చాడు. శ్రీకాళహస్తి కన్నప్ప పూజా నియమాలేవీ పాటించలేదు. మాంసం నైవేద్యం పెట్టాడు, కన్ను పెకలించి ఇచ్చాడు. విధేయత వేరు, భక్తి వేరు అని అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. దాన్ని ఆటలోకి ఎలా తేవాలో తెలియట్లేదు.

పూజారిణి కాదంటే దేవత ఏం చెయ్యాలి? శిక్ష వెయ్యకుండా, అలాగని తేలిగ్గా వదిలెయ్యకుండా? ఇలాంటి ఘట్టం నడిపినవాళ్లు, రాసినవాళ్లు ఉంటే ఆదివారం లోపు చెప్పగలరా అండీ?