శాంపిల్ సైజు లెక్కలో టీకి బదులు జెడ్ విలువ ఎందుకు వాడతారు?

ప్రశ్న

నమస్కారం. ప్రాథమిక స్టాటిస్టిక్స్ చదువుతున్నాను. కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (శాంపిల్ ఆధారంగా అసలు సగటుకు అంచనాగా కట్టే కింది, పై హద్దులు), శాంపిల్ సైజు అనే రెండు పాఠాలూ విడివిడిగా చదివినప్పుడు బాగానే అర్థమయ్యాయి కానీ, రెండూ ఒకే లెక్కలో ఎదురయ్యేసరికి ఒకచోట పొసగడం లేదు.

లెక్క ఇది. ఒక పెద్ద సమూహం నుంచి యాదృచ్ఛికంగా ఎంచిన 16 మంది విద్యార్థుల మార్కుల సగటు 72, క్రమ విచలనం (మార్కులు సగటు నుంచి ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 8. మొత్తం సమూహపు సగటుకు 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ కనుక్కోవాలి. సమూహపు అసలు క్రమ విచలనం తెలియదు కాబట్టి టీ పట్టికలో 15 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (16లోంచి 1 తీసేస్తే వచ్చేది) దగ్గర ఉన్న 2.131 తీసుకున్నాను. 8ని 16 వర్గమూలంతో భాగిస్తే స్టాండర్డ్ ఎర్రర్ 2 వచ్చింది, దాన్ని 2.131తో గుణిస్తే 4.26, కనుక ఇంటర్వెల్ 67.74 నుంచి 76.26 వరకు. ఇంతవరకు ఇబ్బంది లేదు.

రెండో భాగంలో, మార్జిన్ ఆఫ్ ఎర్రర్ (సగటుకు అటూ ఇటూ ఉంచే తేడా) 2 మార్కులు దాటకూడదంటే ఎంతమందిని తీసుకోవాలని అడిగారు. అక్కడ పుస్తకం టీ ఊసే ఎత్తకుండా జెడ్ విలువ 1.96ను 8తో గుణించి, 2తో భాగించి, వచ్చిన 7.84ను వర్గం చేసి, 61.47ను 62గా మార్చింది. క్రమ విచలనం తెలియదన్న కారణంతోనే కదా మొదటి భాగంలో టీ వాడాం, అదే కారణం రెండో భాగానికి ఎందుకు వర్తించదు? అలాగే 67.74కీ 76.26కీ మధ్య అసలు సగటు ఉండే అవకాశం 95 శాతం అని రాస్తే తప్పని చెప్పారు. ఆ తప్పు ఎక్కడుందో కూడా వివరించగలరా?

సమాధానం 1

మీ సందేహం న్యాయమైనదే, ఆ కారణం రెండో భాగానికీ వర్తిస్తుంది. అయితే టీ విలువ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌ను బట్టి మారుతుంది, ఆ డిగ్రీలేమో శాంపిల్ సైజులోంచి ఒకటి తీసేస్తే వచ్చేవి. మనం కనుక్కోవలసింది ఆ సైజునే కాబట్టి, పట్టికలో ఏ వరుస చూడాలో తెలియాలంటే జవాబు ముందే తెలిసి ఉండాలి. ఈ చిక్కు నుంచి బయటపడడానికే, గంట ఆకారపు నార్మల్ పంపిణీ నుంచి వచ్చే, సైజుతో సంబంధం లేని జెడ్ విలువతో మొదలుపెడతారు. చాలా పుస్తకాలు అక్కడితో ఆగిపోతాయి. నా అభిప్రాయంలో అక్కడ ఆగకూడదు, ఎందుకంటే మిగిలిన పని రెండు మూడు పంక్తులకు మించి లేదు.

62 మందిని తీసుకున్నారనుకుందాం. 61 డిగ్రీల దగ్గర టీ విలువ ఇంచుమించు 2.000. దాన్ని 8తో గుణించి 62 వర్గమూలం 7.874తో భాగిస్తే 2.03 వస్తుంది, అంటే మీరు పెట్టుకున్న హద్దు కాస్త దాటింది. 63 మందితో 2.01 వస్తుంది. 64 మందితో అయితే టీ విలువ 1.998, స్టాండర్డ్ ఎర్రర్ సరిగ్గా 1, కనుక మార్జిన్ 1.998 అయి హద్దు లోపలికి వచ్చింది. అసలు జవాబు 62 కాదు, 64. తేడా ఇద్దరే కాబట్టి పుస్తకం దాన్ని వదిలేసిందన్నమాట. 95 శాతం స్థాయిలో జెడ్ లెక్కకు వచ్చే సైజు చిన్నదైనా పెద్దదైనా, సాధారణంగా ఇద్దరినో ముగ్గురినో కలిపితే సరిపోతుంది. కానీ జెడ్‌తో వచ్చిన జవాబే 8 అయినప్పుడు, ఆ ఇద్దరు ముగ్గురిని కలపకపోతే నష్టం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

చిన్న శాంపిళ్లలో క్రమ విచలనాన్ని కూడా అదే శాంపిల్ నుంచి అంచనా వేస్తున్నామన్న సంగతిని లెక్కలోకి తెచ్చినవాడు విలియం గాసెట్. 1908లో 'స్టూడెంట్' అనే కలంపేరుతో ఆయన ప్రచురించిన వ్యాసం నుంచే ఈ టీ పంపిణీ మనకు వచ్చింది.

ఇక దశాంశం వస్తే ఎప్పుడూ పై పూర్ణాంకానికే వెళ్లాలి, 61.47 అయినా 61.02 అయినా 62 అనే రాయాలి. 61 దగ్గర ఆగితే మార్జిన్ 2 దాటిపోతుంది కాబట్టి మామూలుగా సవరించే పద్ధతి ఇక్కడ పనికిరాదు. మార్జిన్‌ను 2 నుంచి 1కి తగ్గించాలంటే 15.68ను వర్గం చేయాలి, 245.86 వస్తుంది, అంటే 246 మంది. మార్జిన్ సగం కావాలంటే శాంపిల్ నాలుగింతలు కావలసిందే. సైజు వర్గమూలం కింద ఉండడమే అందుకు కారణం.

సమాధానం 2

పై వివరణ సరైనదే. కానీ 62కూ 64కూ మధ్య ఉన్న తేడా కంటే ఎంతో పెద్ద విషయం ఒకటి ఆ లెక్కలోనే దాగి ఉంది. అది 8 అనే సంఖ్య. మీరు దాన్ని ఖాయమైన విలువగా సూత్రంలో పెట్టేశారు, కానీ అది 16 మంది నుంచి వచ్చిన అంచనా మాత్రమే. మార్కులు నార్మల్ పంపిణీని అనుసరిస్తాయనుకుంటే, క్రమ విచలనానికి కూడా కై-స్క్వేర్ పట్టికతో 95 శాతం ఇంటర్వెల్ కట్టవచ్చు. 15 డిగ్రీలను 8 వర్గమైన 64తో గుణిస్తే 960. దాన్ని ఆ పట్టికలోని 27.488తో ఒకసారి, 6.262తో మరోసారి భాగించి వర్గమూలాలు తీస్తే 5.9, 12.4 వస్తాయి. అంటే అసలు క్రమ విచలనం 6కు కాస్త తక్కువగా ఉన్నా, 12కు పైన ఉన్నా, మీ చేతిలోని 16 మార్కులతో విభేదించదు.

ఇప్పుడు ఆ రెండు కొసలనూ శాంపిల్ సైజు సూత్రంలో పెట్టి చూడండి. తక్కువ విలువతో 34 మంది చాలంటుంది, ఎక్కువ విలువతో 148 మంది కావాలంటుంది. మీరు రాసిన 62 ఆ రెంటి మధ్య ఎక్కడో ఉన్న ఒక సంఖ్య. పరీక్షలో 62 అని రాస్తే మార్కులు పడతాయి, కానీ నిజంగా ఒక సర్వే చేయబోతున్నవారు ఆ 62ను గట్టిగా పట్టుకుని కూర్చోకూడదని నేను గట్టిగా నమ్ముతాను. వెచ్చించగలిగితే 8కి బదులు 10 వేసుకుని లెక్కకట్టడం మేలు, అప్పుడు 97 మంది వస్తారు.

ఇంకొక సంగతి. 62 మందిని తీసుకున్న తర్వాత ఇంటర్వెల్ కట్టేటప్పుడు పాత 8ని వాడరు, కొత్త శాంపిల్‌లో వచ్చిన క్రమ విచలనాన్నే వాడతారు. అసలు విలువ నిజంగా 8 అయినా సరే, కొత్త శాంపిల్‌లో అది 7.5 రావచ్చు, 8.6 రావచ్చు. కాబట్టి ఇంచుమించు సగం సందర్భాల్లో మార్జిన్ 2 దాటుతుంది. శాంపిల్ సైజు సూత్రం ముందుచూపుతో వేసుకునే ప్రణాళికే తప్ప, ఫలితానికి హామీ కాదు.

అడిగినవారి స్పందన

ఇద్దరికీ ధన్యవాదాలు. సూత్రంలో పెట్టే సంఖ్య కూడా అంచనాయేనన్న విషయం నాకు ఎక్కడా తగల్లేదు. దీనికి అనుబంధంగా మరో ప్రశ్న. 'అవును', 'కాదు' అని జవాబిచ్చే ప్రశ్నల్లో శాతాన్ని అంచనా వేయాలంటే, ముందస్తు సమాచారం లేనప్పుడు 0.5 వేయమంటారు. మొత్తం సమూహంలో 2,000 మందే ఉన్నా అదే సైజు కావాలా? 95 శాతం మాట కూడా ఇంకా మిగిలే ఉంది.

సమాధానం 3

ముందు 0.5 సంగతి చూద్దాం. నిష్పత్తి విషయంలో విస్తృతి (వేరియన్స్, అంటే క్రమ విచలనపు వర్గం) అంటే ఆ నిష్పత్తినీ, 1లోంచి దాన్ని తీసేస్తే మిగిలేదాన్నీ గుణించగా వచ్చేది. ఈ లబ్ధం 0.5 దగ్గర అత్యధికంగా 0.25 అవుతుంది, ఎటు జరిగినా తగ్గుతుంది. కనుక 0.5 వేసి తెచ్చిన సైజు, అసలు నిష్పత్తి ఏదైనా సరిపోతుంది. 95 శాతం స్థాయిలో 5 శాతం పాయింట్ల మార్జిన్‌కు, 1.96 వర్గాన్ని 0.25తో గుణించి 0.05 వర్గంతో భాగిస్తే 384.16 వస్తుంది, అంటే 385 మంది. 3 పాయింట్ల మార్జిన్‌కు 1,068 మంది. సగటు విషయంలో ఇలాంటి గరిష్ఠ హద్దు సాధారణంగా ఉండదు కాబట్టి, 2వ సమాధానంలో చెప్పిన ఇబ్బంది నిష్పత్తుల దగ్గర అంతగా బాధించదు.

నిష్పత్తి 10 శాతం దగ్గర ఉంటుందని ముందే తెలిస్తే 139 మంది చాలని సూత్రం చెబుతుంది. అయితే 10 శాతానికి 5 పాయింట్ల మార్జిన్ అంటే 5 నుంచి 15 వరకు, ఒక కొస మరో కొసకు మూడింతలు. అంత వెడల్పైన జవాబు మీ పనికి వస్తుందా అన్నది లెక్కకు ముందే ఆలోచించుకోవాలి. మరీ చిన్న శాంపిళ్లలో మామూలు సూత్రం పూర్తిగా చేతులెత్తేస్తుంది. 10 మందిని అడిగితే ఒక్కరూ 'అవును' అనకపోతే అది 0 నుంచి 0 వరకు అనే ఇంటర్వెల్ ఇస్తుంది. అలాంటి చోట 1927లో ఎడ్విన్ విల్సన్ ఇచ్చిన పద్ధతి వాడితే 0 నుంచి 28 శాతం వరకు వస్తుంది, అది నమ్మదగిన జవాబు.

2,000 మందే ఉన్న సమూహానికి సవరణ ఉంది. 385లోంచి 1 తీసేసి, మిగిలిన 384ను 2,000తో భాగించి 1 కలిపితే 1.192. 385ను దానితో భాగిస్తే 323 మంది చాలు. సమూహం 400 మందే అయితే 197. అదే 10 లక్షల మంది ఉంటే సవరణ వల్ల తేడా ఏమీ రాదు, 385 అలాగే ఉంటుంది. సమూహం పెరిగినకొద్దీ శాంపిల్ కూడా అదే నిష్పత్తిలో పెరగాలన్న అభిప్రాయం చాలామందిలో ఉంది కానీ, లెక్క అలా చెప్పదు.

ఇక 95 శాతం మాట. 1937లో జెర్జీ నేమన్ కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ పద్ధతిని ప్రతిపాదించినప్పుడు సంభావ్యతను ఇంటర్వెల్ కట్టే విధానానికి ఆపాదించాడు, కట్టేసిన ఒక ఇంటర్వెల్‌కు కాదు. ఇదే సమూహం నుంచి మళ్లీ మళ్లీ 16 మందిని ఎంచి, ప్రతిసారీ ఇదే తీరుగా ఇంటర్వెల్ కడుతూ పోతే, వాటిలో 95 శాతం అసలు సగటును పట్టుకుంటాయి. శాంపిల్ తీయకముందు ఇంటర్వెల్ కొసలు ఎక్కడ పడతాయో తెలియదు, కాబట్టి సంభావ్యత గురించి మాట్లాడవచ్చు. 67.74, 76.26 అని తేలిపోయాక మారేది ఏదీ మిగలలేదు. అసలు సగటు ఒక స్థిరమైన సంఖ్య, అది ఆ రెంటి మధ్య ఉండనైనా ఉంటుంది, లేకనైనా పోతుంది. మీరు రాసిన వాక్యాన్ని సమర్థించాలంటే అసలు సగటుకే ముందుగా ఒక పంపిణీ ఊహించుకునే బేసియన్ పద్ధతికి వెళ్లాలి. పరీక్షలో అయితే 'ఈ విధానంతో కట్టిన ఇంటర్వెళ్లలో 95 శాతం అసలు సగటును కలిగి ఉంటాయి, మన శాంపిల్ ఇచ్చిన ఇంటర్వెల్ 67.74 నుంచి 76.26' అని రాయండి.

దీన్ని విద్యార్థుల్లో 95 శాతం మంది మార్కులు ఆ మధ్యలో ఉంటాయన్న అర్థంలో కూడా తీసుకోకూడదు. సగటు 72, క్రమ విచలనం 8 ఉన్న నార్మల్ పంపిణీలో 95 శాతం మంది మార్కులు ఇంచుమించు 56 నుంచి 88 వరకు విస్తరించి ఉంటాయి. శాంపిల్ సైజు పెంచితే సగటు ఇంటర్వెల్ ఇరుకవుతుంది కానీ, ఎంతమందిని తీసుకున్నా ఈ 56, 88 మాత్రం దగ్గరకు జరగవు.