ఇరవై ఏళ్ల ట్రిబ్యూన్ కింద ముదురు సెంచూరియనా?

ప్రశ్న: రోమన్ సైన్యం గురించి చదువుతూ ఒకచోట ఆగిపోయాను. లెజియన్‌లో సుమారు 5,000 మంది. దానికి అధిపతి లెగేట్. ఆయన తర్వాతి స్థానం మీసాలు కూడా సరిగా రాని ట్రిబ్యూన్ అనే అధికారిది! ఇరవై ఏళ్లు యుద్ధాలు చేసిన సెంచూరియన్ (సుమారు 80 మంది సిపాయిల నాయకుడు) అతనికి లోకువా?

పాత ఫౌజీ: హోదాలో లోకువే, పనిలో కాదు. ఆ కుర్రాడు సెనేటర్ల ఇంటివాడు, చొక్కా మీద వెడల్పాటి ఊదా చార ఉంటుంది. ఏడాదో రెండేళ్లో ఉండి, రోమ్ వెళ్లి పదవులకు పోటీ చేస్తాడు. మిగతా ఐదుగురు ట్రిబ్యూన్లది సన్న చార. వాళ్లు ఈక్వెస్ట్రియన్ వర్గం, అంటే సెనేటర్ల కింది మెట్టు సంపన్నులు, చాలామంది అప్పటికే సహాయక దళాలను నడిపి వచ్చినవాళ్లు.

నేను సుబేదార్‌గా రిటైరయ్యాను. కొత్త లెఫ్టినెంట్ సాబ్‌కి సెల్యూట్ కొట్టేదీ నేనే, పక్కన కూర్చుని మ్యాప్ చూపించేదీ నేనే. అందుకే ఇది నాకు వింతగా అనిపించదు.

అయితే సెంచూరియన్లు దేవుళ్లేం కాదు. వాళ్ల చేతిలో ద్రాక్షతీగ కర్ర ఉండేది. లూసిలియస్ అనేవాడు సిపాయి వీపు మీద అది విరిగితే "ఇంకోటి తే" అని అరిచేవాడట, అదే అతని ముద్దుపేరైంది. క్రీ.శ. 14లో పన్నోనియా అనే సరిహద్దు రాష్ట్రంలో జరిగిన తిరుగుబాటులో అతన్ని సిపాయిలే చంపేశారు.

లెక్కల మాస్టారు: ఒక చిన్న సవరణ. చక్రవర్తులు రాకముందు, రిపబ్లిక్ కాలంలో 24 మంది ట్రిబ్యూన్లను జనమే ఓట్లేసి ఎన్నుకునేవారు. జూలియస్ సీజర్ కూడా అలా గెలిచినవాడే.

ప్రశ్న అడిగినవారు: మరి చక్రవర్తులు వచ్చాక?

పాత ఫౌజీ: వాళ్లకు సెనేటర్లంటేనే టెన్షన్. అందుకే ఈజిప్టునూ, తమ అంగరక్షక ప్రేటోరియన్ దళాన్నీ ఈక్వెస్ట్రియన్ల చేతిలో పెట్టారు, వీళ్లయితే గద్దె మీద కన్నేయరని. ఆ ధీమా నిలవలేదు. కాలిగులా చక్రవర్తి, కైరియా అనే ప్రేటోరియన్ ట్రిబ్యూన్‌ను ఆడంగి అని ఏడిపించి, సంకేతపదంగా బూతుమాటలు ఇచ్చేవాడు. 41లో ఆ కైరియానే కత్తి దూసి అతన్ని చంపాడు. వెంటనే దళం క్లాడియస్‌ను చక్రవర్తిని చేసింది, ఆయన ఆ సిపాయిలకు తలా 15,000 సెస్టర్సులు (రోమన్ నాణేలు) ఇస్తానన్నాడు. 217లో ప్రేటోరియన్ ప్రిఫెక్ట్ (ఆ దళాధిపతి) మాక్రినస్ సెనేటర్ కాకుండానే గద్దెక్కాడు. పద్నాలుగు నెలలే అనుకోండి.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ బాబాయ్ గారూ. 15,000 అంటే ఎంత?

లెక్కల మాస్టారు: అప్పట్లో లెజియన్ సిపాయి జీతం ఏడాదికి 900.