బండి మీదా ఆఫీసులోనూ ఒకే ప్యాంటు: రైడింగ్ జీన్స్‌లో ఏం చూసి కొనాలి?

నిత్యప్రయాణి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను రోజూ మోటార్‌సైకిల్ మీదే ఆఫీసుకు వెళ్లి వస్తాను. హెల్మెట్, జాకెట్, గ్లవ్స్, చీలమండలు కప్పే బూట్లు అన్నీ ఉన్నాయి కానీ, నడుము నుంచి కిందికి మాత్రం మామూలు జీన్సే వేసుకుంటున్నాను. జాకెట్‌ను ఆఫీసుకు చేరగానే విప్పి తగిలించేయవచ్చు. ప్యాంటు విషయంలో ఆ వెసులుబాటు లేదు, సాయంత్రం దాకా దానితోనే కూర్చోవాలి, నలుగురి ముందుకూ దానితోనే వెళ్లాలి. అందుకని చూడటానికి సాధారణ జీన్స్‌లా ఉంటూ, పడినప్పుడు కాళ్లను కాపాడే ప్యాంటు కోసం వెతుకుతున్నాను.

దుకాణంలో రెండు రకాలు చూపించారు. మొదటి దాన్ని తిరగేసి చూస్తే మోకాళ్ల దగ్గర, పిరుదుల దగ్గర మాత్రమే పసుపు రంగు అస్తరు ఉంది. రెండోది ఒకే పొర. చేత్తో తడిమితే మామూలు డెనిమ్‌కూ దానికీ తేడా తెలియలేదు. ఇంత పలచటి గుడ్డ నిజంగా రక్షిస్తుందా? ప్యాడ్లు పెట్టుకుంటే మోకాళ్ల దగ్గర ఉబ్బెత్తుగా కనబడవా?

రాపిడిలెక్క:

గుడ్డ మందాన్ని బట్టి గానీ, దుకాణదారు చెప్పే మాటను బట్టి గానీ నిర్ణయించుకోకండి. ప్యాంటు లోపల నడుము పట్టీ దగ్గర కుట్టిన లేబుల్ మీద ఈఎన్ 17092 అనే ప్రమాణం, దాని పక్కన ఏఏఏ, ఏఏ, ఏ, బీ అనే క్లాసుల్లో ఏదో ఒకటి ఉందేమో చూడండి. 2020లో వచ్చిన ఈ ఐరోపా ప్రమాణం ప్రకారం, గుడ్డ ముక్కను తిరిగే యంత్రానికి బిగించి, కాంక్రీటు పలక మీద పడవేసి, ఆగేలోపు చిల్లి పడిందా లేదా అని చూస్తారు. మోకాలు, తుంటి వంటి ఎక్కువ ప్రమాదమున్న భాగాల గుడ్డకు ఈ పరీక్ష ఏఏఏలో గంటకు 120 కిలోమీటర్లకు, ఏఏలో 70కి, ఏలో 45కి సమానమైన వేగంతో జరుగుతుంది. అంటే 70 కిలోమీటర్ల వేగంలో పడితే ఏమీ కాదని హామీ ఇచ్చినట్లు కాదు. రెండు ప్యాంట్లను పక్కపక్కన పెట్టి పోల్చుకోవడానికి ఇది నమ్మదగిన కొలత, అంతే. బీ క్లాసు విషయంలో మరింత జాగ్రత్త అవసరం: రాపిడిని తట్టుకోవడంలో అది ‘ఏ’ (A) క్లాసుతో సమానమే అయినా, దెబ్బను పీల్చుకునే ప్యాడ్లు అందులో భాగం కావు.

ఇక మీ రెండు ప్యాంట్ల సంగతి. మీరు చూసిన పసుపు అస్తరు బహుశా అరామిడ్ అనే గట్టి కృత్రిమ దారంతో చేసినది కావచ్చు. కెవ్లార్ ఆ కుటుంబంలోదే. అది కరగదు, వేడిని బాగా తట్టుకుంటుంది, అయితే ఎండకు బలహీనపడుతుంది కనుక లోపలి వైపు ఉండటమే దానికి మంచిది. అస్తరు లేని చోట మీ ఒంటిని కాపాడేది పై డెనిమ్ ఒక్కటే. రోడ్డు మీద జారుతున్నప్పుడు మామూలు నూలు డెనిమ్ క్షణంలో చిరిగిపోతుంది, కాబట్టి అస్తరు ఎంత మేర ఉందో తప్పక చూడాలి. ఒకే పొర రకంలో, నూలుతో పాటు డైనీమా వంటి అతి దృఢమైన పాలిథిలిన్ దారాన్నో, అరామిడ్‌నో, గట్టి నైలాన్‌నో కలిపి నేస్తారు. పాలిథిలిన్ దారం సుమారు 145 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, కానీ నున్నగా ఉండి రాపిడికి బాగా నిలుస్తుంది. ఒకే పొరలో ఏఏ, ఏఏఏ క్లాసులు సాధించినవి కూడా ఉన్నాయి. చేతికి మామూలు డెనిమ్‌లా తగిలినంత మాత్రాన దాన్ని తీసిపారేయనక్కరలేదు. నేనైతే మీ అవసరానికి ఏఏ క్లాసు ఉన్న ఒకే పొర ప్యాంటునే ఎంచుకుంటాను.

మోకాలిచిప్ప:

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే క్లాసు ఎంత గొప్పదైనా, ప్యాడ్ ఉండవలసిన చోట లేకపోతే మోకాలికి ఒరిగేదేమీ లేదు. అద్దం ముందు నిలబడి చూసుకుంటే అన్ని ప్యాంట్లూ సరిగ్గానే ఉన్నట్లు అనిపిస్తుంది. బండి మీద కూర్చుని కాళ్లు ఫుట్‌రెస్టుల మీద పెట్టగానే గుడ్డ పైకి లాగుకుంటుంది, దానితో పాటు ప్యాడ్ కూడా తొడ మీదికి జరుగుతుంది. అందుకే కొనేముందు తప్పకుండా కూర్చుని చూడండి. ప్యాడ్ మోకాలిచిప్పను పూర్తిగా కప్పి, కొద్దిగా కింది ఎముక మీదికి దిగాలి. తర్వాత దాన్ని గుడ్డ మీదనుంచే పట్టుకుని పక్కకు తిప్పండి. సులభంగా పక్కకు జారిపోతే, జారి పడినప్పుడు కూడా అదే జరుగుతుంది. ప్యాడ్ జేబును పైకీ కిందికీ సర్దుకోగలిగే ప్యాంటు దొరికితే సగం సమస్య తీరినట్లే. పొడవు కూడా మీరు మామూలుగా కొనే దానికంటే కొంచెం ఎక్కువ ఉండాలి.

ఉబ్బెత్తు గురించి: ఇప్పుడు మెత్తగా వంగుతూ, దెబ్బ తగిలిన క్షణంలో మాత్రం గట్టిపడే ప్యాడ్లు దొరుకుతున్నాయి, డీ3ఓ వాటిలో బాగా తెలిసిన పేరు. ప్యాడ్ల ప్రమాణం ఈఎన్ 1621-1. ఒకే బలంతో కొట్టినప్పుడు లెవెల్ 1 ప్యాడ్ గుండా లోపలికి చేరే బలం సగటున 35 కిలోన్యూటన్లకు మించకూడదు, లెవెల్ 2లో 20కి మించకూడదు. ఈ తేడా పెద్దది కనుక, కొద్దిపాటి ఉబ్బును ఓర్చుకుని లెవెల్ 2 తీసుకోమనే నా సలహా. ప్యాడ్ జేబుకు జిప్పు బయటి వైపు ఉండే ప్యాంట్లూ ఉన్నాయి; ఆఫీసుకు చేరగానే ప్యాంటు విప్పకుండానే ప్యాడ్లు తీసి సంచిలో పెట్టుకోవచ్చు, తిరిగి వెళ్లేముందు మళ్లీ పెట్టుకోవచ్చు.

తుంటి ప్యాడ్లను మరచిపోవద్దు. ‘ఏ’ (A) క్లాసులో అవి తప్పనిసరి కావు, అందుకే చాలా ప్యాంట్లలో జేబు మాత్రం ఉండి లోపల ఏమీ ఉండదు. పక్కకు పడినప్పుడు మొదట నేలను తాకే వాటిలో తుంటి ఒకటి.

పైప్యాంటు:

నాది వేరే అభిప్రాయం. వేగంగా వెళ్లే రహదారి మీద ఎక్కువ దూరం ప్రయాణించేవారు జీన్స్‌తో సరిపెట్టుకోకుండా, పక్కల నిలువునా జిప్పు ఉండి మామూలు ప్యాంటు మీదనుంచి తొడుక్కునే రైడింగ్ ప్యాంటును చూడటం మేలు. చేరగానే తీసేయవచ్చు, వానకూ పనికొస్తుంది. నూలు డెనిమ్ ఒకసారి తడిస్తే గంటల తరబడి ఆరదు.

నిత్యప్రయాణి:

అందరికీ ధన్యవాదాలు. నా దారంతా ఊరి ట్రాఫిక్‌లోనే కనుక ఏఏ క్లాసు జీన్స్ వైపే మొగ్గుతున్నాను. వేడి సంగతి ఏమిటి? ఉతకడంలో ప్రత్యేక జాగ్రత్తలు ఉన్నాయా?

రాపిడిలెక్క:

వేడి విషయంలో ఒకే పొర ప్యాంటుదే పైచేయి, ఎందుకంటే నిండు అస్తరు గాలిని ఆపేస్తుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల మోటోక్యాప్ కార్యక్రమం 2018 నుంచి రైడింగ్ దుస్తులను పరీక్షించి, రక్షణతో పాటు వేడిలో సౌకర్యానికి కూడా విడిగా మార్కులు ఇస్తోంది. మీరు ఎంచుకున్న ప్యాంటు ఆ జాబితాలో ఉంటే రెండింటినీ చూసుకోండి.

ఉతికేముందు ప్యాడ్లన్నీ తీసేసి, ప్యాంటును తిరగేసి, లేబుల్ మీద చెప్పిన వేడికి మించకుండా ఉతకండి. క్లోరిన్ బ్లీచ్ అరామిడ్‌ను పాడుచేస్తుంది కాబట్టి దాన్ని అసలు వాడవద్దు, నీడలోనే ఆరవేయండి. ప్యాడ్లను తిరిగి పెట్టేటప్పుడు కుడి ఎడమలు, తలకిందులు చూసుకోండి. అలాగే అప్పుడప్పుడు తొడల మధ్య, పిరుదుల దగ్గర కుట్లను లోపలి వైపునుంచి వేళ్లతో లాగి చూడండి. సీటుకు రోజూ ఒరుసుకునేది అక్కడే, దారం తెగితే గుడ్డ ఎంత గట్టిదైనా అతుకు దగ్గర విడిపోతుంది. ఒకసారి రోడ్డు మీద జారిన ప్యాంటును మాత్రం మాసిక వేసుకుని మళ్లీ బండి మీదికి వాడకండి.