నొప్పి లేని సన్న నరాలకు ఇంజెక్షన్ చేయించుకోవాలా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

బెజవాడ టీచర్
నాకు 43 ఏళ్ళు. ఇరవై ఏళ్ళుగా బోర్డు ముందు నిలబడే ఉద్యోగం. రెండు తొడల పక్కన, కుడి మోకాలి వెనక సాలెగూడు అల్లినట్టు ఎర్రవీ నీలివీ సన్న గీతలు వచ్చాయి. నొప్పి లేదు, వాపు లేదు. సాయంత్రానికి కాళ్ళు బరువెక్కుతాయి, అంతే. మొన్న ఒక క్లినిక్‌కి వెళ్తే చీర కాస్త పైకి తీయించి చూసి, "స్క్లెరోథెరపీ (ఆ గీతల్లోకి సూదితో మందు ఎక్కించి మూసేయడం) చేద్దాం, మూడు సిట్టింగులు, ప్యాకేజీ తీసుకుంటే ఖర్చు తగ్గుతుంది, ఇవాళే మొదలుపెట్టొచ్చు" అన్నారు. మంచం మీద పడుకోమన్నారు కూడా. రేపు వస్తానని చెప్పి వచ్చేశాను. మా ఆయనేమో "చీర కింద ఎవరు చూస్తారు, దండగ" అంటారు. నాకు మాత్రం చేయించుకోవాలనే ఉంది. ఏం చేయమంటారు?

శేషు_గుంటూరు
వద్దమ్మా. మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా ఆవిడకి అచ్చం ఇలాగే వస్తే ఒకచోట రెండు సిట్టింగులు చేయించాం. స్కాన్ గీన్ ఏమీ లేదు, చూశారు, పొడిచారు. గీతలు పోయినచోట గోధుమరంగు చారలు పడ్డాయి, అవి పోవడానికి ఏడాది దాటింది. ఆరు నెలలకే పాతవాటి పక్కన కొత్తవి. అప్పుడు వేరే ఊళ్ళో డాప్లర్ (రక్తం ఎటు పారుతోందో చూపించే స్కాన్) తీయిస్తే తెలిసింది, గజ్జల దగ్గర పెద్ద సిర కవాటం (రక్తం వెనక్కి జారకుండా ఆపే వాల్వు) లీకవుతోందని. అసలు జబ్బు అక్కడుంటే మేం పైన రంగు చెరుపుకుంటూ కూర్చున్నాం. ఇన్సూరెన్స్ వాళ్ళు అందం కోసం చేయించుకున్నది అని పైసా ఇవ్వలేదు. నొప్పి లేనిదాన్ని కదిలించకండి.

పద్మ_డాలస్
శేషుగారూ, మీ ఆవిడగారి విషయంలో బాధ అర్థమైంది. కానీ అందరికీ అలాగే అవుతుందని చెప్పేయకండి. ఇద్దరు పిల్లలు పుట్టాక నాకూ వచ్చాయి, 2019లో ఇక్కడ చేయించుకున్నాను. ముందు స్కాన్ చేశారు, పెద్ద సిరలు బాగానే ఉన్నాయన్నాకే సూది పట్టుకున్నారు.

మందు పేరు పోలిడోకనాల్. సూది వెంట్రుక మందాన ఉంటుంది, చీమ కుట్టినంత నొప్పి. మందు వెళ్ళగానే ఆ గీత కళ్ళముందే తెల్లబడి మాయమైంది, పోయిందే అని సంబరపడ్డాను. రెండు నిమిషాల్లో అక్కడే దోమ కుట్టినట్టు ఎర్రటి దద్దురు లేచింది. వెంటనే బిగుతు మేజోళ్ళు తొడిగి అరగంట నడవమన్నారు, రెండు వారాలు పగలంతా వేసుకోమన్నారు. మూడో వారానికి గీతలు నల్లదారాల్లా తయారయ్యాయి. లోపల రక్తం గడ్డకట్టిందని సూదిమొనతో చిన్న గాటు పెట్టి నొక్కి తీశారు, నేరేడుపండు రసంలా వచ్చింది. నెలన్నర దాకా ముందుకంటే అసహ్యంగా ఉన్నాయి. ఆ నెలన్నరా ఏడుపొచ్చింది, ఇది ఎవరూ ముందు చెప్పరు. నాలుగో నెలకి ముప్పాతిక పోయాయి. పావువంతు ఇంకా ఉన్నాయి, ఉండనీ.

కిరణ్99
జలగలు పెట్టిస్తే పోతాయని మా ఊళ్ళో అంటారు. నువ్వులనూనె మర్దనా కూడా.

వాస్కులర్ నర్స్_విశాఖ
కిరణ్ గారూ, జలగ తాగేది ఆ పూట రక్తం. సాగిపోయిన నాళం అలాగే ఉంటుంది, మళ్ళీ నిండుతుంది. నూనెతో కాళ్ళ అలసట తీరొచ్చు, గీత పోదు. క్రీములూ అంతే.

టీచర్ గారూ, పదకొండేళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను, కాస్త వివరంగా రాస్తాను. మన భాషలో వచ్చిన చిక్కొకటి ఉంది. సిరనీ నరమే అంటాం, స్పర్శ తెలిపేదాన్నీ నరమే అంటాం. అందుకే మా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో సగంమంది మొదట అడిగేది "నరానికి ఇంజెక్షన్ ఇస్తే కాలు పడిపోతుందా?" అని. కొందరు ముందు న్యూరాలజీకి వెళ్ళి, అక్కడినుంచి మా దగ్గరికి వస్తారు. ఇవి చెడు రక్తాన్ని గుండెకి తీసుకెళ్ళే సిరల చివరి కొసలు. ఒక మిల్లీమీటరు కూడా ఉండవు. కాలి రక్తంలో దాదాపు 90 శాతం లోపలి పెద్ద సిరల్లోంచే పైకి వెళ్తుంది, కాబట్టి ఈ కొసలు మూసేసినా కాలికి లోటు లేదు. మందు చేసేదల్లా నాళం లోపలి పొరను దెబ్బతీయడం. గోడలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, కొన్ని వారాల్లో పీచులా మారి ఒంట్లో కలిసిపోతాయి.

ఇప్పుడు అసలు సంగతి. శేషుగారి ఇంట్లో తప్పు ఇంజెక్షన్‌ది కాదు, వరసది. పైన కారుతున్న కుళాయి కట్టకుండా కింద నేల తుడిచారు. డాప్లర్‌లో మిమ్మల్ని నిలబెట్టి చూస్తారు. పడుకోబెట్టి మాత్రమే చూసి పంపిస్తే ఒప్పుకోకండి. పిక్కను నొక్కి వదులుతారు. నొక్కినప్పుడు రక్తం పైకి పోవాలి, వదిలాక ఆగాలి. పైసిరల్లో అర సెకను దాటి కిందికి జారితే కవాటం లీకవుతున్నట్టు లెక్క. లీకుంటే ముందు దాని సంగతి చూసుకోవాలి, సాలెగూడు తర్వాత.

శేషు_గుంటూరు
ఇది మాకు ముందే ఎవరైనా చెప్పుంటే బాగుండేది. కానీ అడుగుతాను, ఏ బాధా లేనిదానికి ఒంట్లోకి మందెందుకు? ఏమైనా అయితే?

వాస్కులర్ నర్స్_విశాఖ
అవుతాయి, దాచను. మీరు చెప్పిన గోధుమ చారలు ఇనుము మచ్చలు. పగిలిన ఎర్రకణాల్లోని ఇనుము చర్మంలో మిగిలిపోతుంది. చాలామందికి ఆరు నెలలనుంచి ఏడాదిలో వెలిసిపోతాయి, కొద్దిమందికి మిగులుతాయి. మన చామనఛాయ ఒంట్లో సూది వేసినచోట మంట పుట్టి ఎర్రబడిందంటే చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా చేరి ఇంకా ముదురుగా కనిపిస్తుంది. ఇంకొకటి, సూది వేసినచోటే ఎర్రటి బూజులా మరీ సన్నటివి కొత్తగా మొలవడం. మందు నాళం బయట పడితే, లేదా పొరపాటున సన్న ధమనిలోకి వెళ్తే చర్మం చచ్చి పుండవుతుంది. చీలమండ దగ్గర పనంటే మా డాక్టర్ గారు రెట్టింపు నిదానంగా చేస్తారు అందుకే. లోతు సిరలో గడ్డ కట్టడం, అలర్జీ అరుదు, కానీ సున్నా కాదు.

అందుకే గాఢత అడగండి. సాలెగూడు సిరలకి పోలిడోకనాల్ అర శాతం, అంతకంటే తక్కువైతే ఇంకా మంచిది. సోడియం టెట్రాడెసిల్ అనే ఇంకో మందైతే పావు శాతం మించక్కర్లేదు. సన్నవాటికి గాఢమైన మందు కొడితే తొందరగా పోతాయని చెప్పేవాళ్ళుంటారు, మచ్చలొచ్చేది అక్కడే. మందును నురగ చేసి ఎక్కించేది పెద్ద సిరలకి. కళ్ళముందు మెరుపులు రావడం, తలనొప్పి ఆ నురగతోనే ఎక్కువ, మైగ్రేన్ ఉంటే ముందే చెప్పాలి.

లత_వరంగల్
అక్కా, నాకు ఆరో నెల. తొడల మీద మస్తు వచ్చినయ్. ఇప్పుడు చేయించుకోవచ్చా?

వాస్కులర్ నర్స్_విశాఖ
వద్దు తల్లీ, కడుపుతో ఉన్నప్పుడు చేయరు. కాన్పయ్యాక మూడు నుంచి ఆరు నెలల్లో చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. ఎడమవైపు తిరిగి పడుకో, ఎక్కువసేపు నిలబడకు. కాలొకటే ఉన్నట్టుండి వాచి నొప్పొస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్ళు.

కిరణ్99
లేజర్ మంచిదంటున్నారు కదా, సూదే ఉండదు?

వాస్కులర్ నర్స్_విశాఖ
కాళ్ళకి మొదట ఇంజెక్షనే. చామనఛాయకి లేజరైతే 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ అనే రకం లేజరే వాడాలి, చేయి తిరిగినవాళ్ళు కావాలి, లేకపోతే కాలుతుంది. సూదికి దొరకనంత సన్నవాటికీ, సూదంటే వణికేవాళ్ళకీ పనికొస్తుంది.

శేషు_గుంటూరు
స్కాన్ విషయం ఒప్పుకుంటున్నాను. కానీ టీచరమ్మ గారూ, కోప్పడకండి, చీర కట్టుకునేవాళ్ళకి నిజంగా దీని అవసరమేంటి? కాళ్ళు ఎవరు చూస్తారు?

బెజవాడ టీచర్
కోపం లేదు అన్నగారూ. 2016 కృష్ణా పుష్కరాలకి మా అత్తగారిని పట్టుకుని మెట్లు దిగుతున్నాను. నీళ్ళలోకి దిగేముందు అందరూ కుచ్చిళ్ళు పైకి ఎత్తిపట్టుకుంటారు కదా. నేను ఎత్తలేదు, మొత్తం తడిపేసుకుని ఆ తడిచీరతోనే ఇంటిదాకా వచ్చాను. వెనకాల పిల్లలెవరో "అమ్మా, ఆంటీ కాలికి పెన్ను గీతలు" అనడం వినపడింది. అప్పటికి ఉన్నవి కొంచెమే. ఆ తర్వాత ఒక్క నైటీ కూడా పొట్టిది కొనుక్కోలేదు. ఎవరో చూడాలని కాదు, నేను చూసుకుంటాను రోజూ స్నానాలగదిలో. జీతం నాది, కాళ్ళు నావి. ఇంత చెప్పుకోవాల్సి వస్తుందనుకోలేదు.

పద్మ_డాలస్
చెప్పుకోనక్కర్లేదు అక్కా. కావాలనిపించడమే చాలు.

శేషు_గుంటూరు
నేనలా అడిగి ఉండాల్సింది కాదు. మా ఆవిడ కూడా పెళ్ళిళ్ళలో కాళ్ళకి పారాణి పెడుతుంటే పక్కకి జరిగేది, మీరు రాసింది చదివాక గుర్తొచ్చింది.

బెజవాడ టీచర్
పది రోజుల తర్వాత రాస్తున్నాను. ప్యాకేజీ వదిలేశాను. వేరేచోట వాస్కులర్ సర్జన్ దగ్గర నిలబెట్టి డాప్లర్ తీశారు. తొడ లోపలి పెద్ద సిరా, పిక్క వెనకదీ రెండూ బాగున్నాయి, లీకు లేదు. మోకాలి వెనక నీలిది రెండు మిల్లీమీటర్లుంది, ముందు దాన్ని మూస్తే చుట్టూ ఉన్న ఎర్రవాటికి మేత ఆగుతుందన్నారు. మా ఎండల్లో మేజోళ్ళు భరించలేను కాబట్టి డిసెంబరులో పెట్టుకున్నాం. ఒకేసారి రెండు కాళ్ళూ వద్దన్నాను. కుడి మోకాలి వెనక ఒక్క అరచేయంత చోటే, మచ్చ పడుతుందో లేదో మూడు నెలలు చూసి, తర్వాత మిగతావి. మా ఆయన తోడొస్తానన్నారు.

శేషు_గుంటూరు
ముందురోజే ఫొటో తీసి పెట్టుకోండమ్మా. మేం తీయలేదు, ఏది పాతదో ఏది కొత్తదో చివరికి మాకే తెలియలేదు. కిటికీ పక్కన, పొద్దున పూట, ప్రతిసారీ అదే చోట నిలబడి.