రోజంతా తెర ముందు పని: కళ్ల అలసటను సహజంగా తగ్గించుకోవడం ఎలా?

ప్రశ్న: మాధవి

నాకు 42 ఏళ్లు. పుస్తకాల ప్రూఫులు దిద్దడం నా వృత్తి. ఒకప్పుడు కాగితం మీద సాగిన ఈ పని ఇప్పుడు పూర్తిగా కంప్యూటర్ తెర మీదికి వచ్చేసింది. సాయంత్రమయ్యేసరికి కళ్లు మండుతాయి, ఇసుక పడినట్టు గరగరలాడతాయి. తలెత్తి గోడ గడియారం వైపు చూస్తే అంకెలు కాసేపు అలుక్కుపోయినట్టు కనిపించి, ఆ తర్వాత గానీ తేటపడవు. దూరపు వస్తువుల కోసం చిన్నప్పటి నుంచీ కళ్లద్దాలు వాడుతున్నాను. ఈ మధ్య మాత్రం సన్న అక్షరాలు చదవాలంటే వాటిని నుదుటి మీదికి జరపాల్సి వస్తోంది.

కంటి వ్యాయామాలతో కళ్లద్దాలు మానేయవచ్చని కొందరు, క్యారెట్ రసం తాగమని కొందరు, కళ్లలో తేనె చుక్కలు వేసుకోమని మరికొందరు చెబుతున్నారు. నీలి కాంతిని ఆపే అద్దాలు కొనాలా అన్న సందేహం కూడా ఉంది. వీటిలో నిజంగా పనిచేసేవి ఏవి? మరొక విషయం, తొమ్మిదేళ్ల మా అబ్బాయికి ఏటా పవర్ పెరుగుతోంది. అద్దాలు పెట్టడం వల్లే పెరుగుతోందని, వీలైనంత తీసేసి ఉంచమని బంధువులు అంటున్నారు. దయచేసి తెలిసినవారు చెప్పండి.

సమాధానం: శ్రీధర్

మాధవి గారూ, నేను ఆప్టోమెట్రిస్టును, అంటే చూపు పరీక్షించి అద్దాలు రాసే నిపుణుణ్ని. మీరు చెప్పిన లక్షణాలతో వచ్చేవారిని తరచూ చూస్తుంటాను. తెర వల్ల కలిగే అలసట ఎంత బాధ పెట్టినా చూపును శాశ్వతంగా దెబ్బతీయదు కాబట్టి ముందుగా ఆ భయం వదిలేయండి. మీ మాటల్లో నాకు మూడు వేర్వేరు కారణాలు కనిపిస్తున్నాయి, మూడింటికీ ఒకే మందు పనికిరాదు.

మంట, గరగర రెప్పపాటుకు సంబంధించినవి. మామూలుగా మనం నిమిషానికి 15 నుంచి 20 సార్లు రెప్ప వేస్తాం. తెర మీద ఏకాగ్రతగా చదివేటప్పుడు ఆ సంఖ్య సగానికి, ఒక్కోసారి అంతకన్నా కిందికి పడిపోతుంది, వేసిన రెప్ప కూడా పూర్తిగా మూసుకోదు. కన్నీటి పొర కంటి మీద సమంగా పరుచుకోవాలంటే పై రెప్ప వచ్చి కింది రెప్పను తాకాలి. ప్రూఫులు దిద్దేటప్పుడు ప్రతి పేరా చివర ఒకసారి నెమ్మదిగా, నిండుగా కళ్లు మూసి తెరవండి. ఖర్చు లేని ఈ అలవాటే అన్నిటికన్నా మేలు చేస్తుందని నా అభిప్రాయం.

గడియారం అంకెలు అలుక్కుపోవడానికి కారణం కంటి లోపలి కండరం. దగ్గరి వస్తువును చూడాలంటే ఆ కండరం బిగుసుకుని కటకం ఆకారాన్ని మార్చాలి. గంటల తరబడి అలాగే ఉంటే, దూరం చూసినా అది వెంటనే సడలదు. ఇరవై నిమిషాలకొకసారి, 20 అడుగులకు తగ్గని దూరంలో ఉన్న వస్తువును 20 సెకన్ల పాటు చూడమని చెప్పేది ఇందుకే. ఆ 20 సెకన్లలో ఫోన్ తీస్తే ఫలితం ఉండదు, ఎందుకంటే ఫోన్‌ను కంప్యూటర్ తెరకన్నా మరింత దగ్గరగా పట్టుకుంటాం.

మూడోది చత్వారం. నలభై దాటాక కటకం గట్టిపడుతుంది, దగ్గరి చూపుకు అనుగుణంగా మారే శక్తి తగ్గుతుంది. మీరు అద్దాలను నుదుటి మీదికి జరపడం దీనికి స్పష్టమైన గుర్తు. దూరపు అద్దాలతోనే తెర వైపు రోజంతా చూడటం వల్ల ఆ కండరం మీద అదనపు భారం పడుతోంది. తెర దూరానికి సరిపోయే అద్దాలు రాయించుకుంటే మీ అలసటలో చాలా భాగం తగ్గవచ్చు. కుర్చీలో కూర్చుని కంటి నుంచి తెర దాకా టేపుతో కొలిచి, ఆ కొలతను పరీక్ష చేసేవారికి తప్పకుండా చెప్పండి. తెర సుమారు చేతి పొడవు దూరంలో, దాని పై అంచు కంటి మట్టానికి కొంచెం కిందుగా ఉండాలి. చూపు కిందికి వాలితే కంటి తెల్లగుడ్డు తక్కువగా బయటపడుతుంది, తడి అంత త్వరగా ఆరిపోదు.

నీలి కాంతి అద్దాల కోసం డబ్బు పెట్టనక్కర్లేదు. 17 ప్రయోగాలను పరిశీలించి 2023లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్ష ప్రకారం, మామూలు అద్దాలతో పోలిస్తే అవి స్వల్పకాలంలో కళ్ల అలసటను తగ్గిస్తున్నట్టు కనబడలేదు.

సమాధానం: విజయ

నాకు కళ్లు పొడిబారే సమస్య చాలాకాలంగా ఉంది కనుక ఆ ఒక్క విషయమే రాస్తాను. రెప్పల అంచుల్లో నూనెను స్రవించే సన్నని గ్రంథులు ఉంటాయి. కన్నీరు ఆవిరైపోకుండా కాపాడేది ఆ నూనె పొరే. అది చిక్కబడి గ్రంథులు మూసుకుపోతే ఎంత నీళ్లు కారినా మంట తగ్గదు. శుభ్రమైన గుడ్డను గోరువెచ్చని నీటిలో ముంచి పిండి, మూసిన రెప్పల మీద ఐదు నుంచి పది నిమిషాలు ఉంచి, తర్వాత రెప్పలను అంచు వైపుకు మృదువుగా నిమరండి. గుడ్డ త్వరగా చల్లారుతుంది కాబట్టి మధ్యమధ్య మళ్లీ ముంచాలి. వేడి ఎంత ఉందో ముందుగా మణికట్టు మీద చూసుకోవడం అవసరం.

ఫ్యాన్ గాలి గానీ ఏసీ గాలి గానీ నేరుగా ముఖానికి తగలకుండా కుర్చీ జరుపుకోండి. తేనె మాత్రం వద్దు. ఇంట్లో తయారుచేసిన ఏ ద్రవంలోనైనా సూక్ష్మజీవులు ఉండవచ్చు, కంటి ముందుండే పారదర్శకమైన పొర కార్నియాకు ఇన్ఫెక్షన్ సోకితే మచ్చ పడి చూపు పోయే ప్రమాదం ఉంది. ఎరుపు తగ్గించే చుక్కల మందు కూడా రోజూ వాడకండి, మానేయగానే కళ్లు మళ్లీ ఎర్రబడతాయి. స్టెరాయిడ్ ఉన్న చుక్కలైతే వైద్యుల పర్యవేక్షణ లేకుండా అసలే వాడకూడదు, వాటివల్ల నీటికాసులు (కంటి నరాన్ని దెబ్బతీసే గ్లాకోమా), శుక్లాలు వచ్చే అవకాశం ఉంది.

సమాధానం: కృష్ణమూర్తి

వ్యాయామాలను పూర్తిగా కొట్టిపారేయవద్దని నా మనవి. చదివేటప్పుడు అక్షరాలు రెండుగా కనబడి తలనొప్పి వచ్చే నాకు, పెన్సిల్ మొనను చూస్తూ ముక్కు దగ్గరికి తెచ్చుకునే అభ్యాసం ఎంతో ఉపశమనం ఇచ్చింది.

సమాధానం: శ్రీధర్

కృష్ణమూర్తి గారూ, మీ అనుభవం నిజమే. దగ్గరి వస్తువు మీద రెండు కళ్లూ సరిగా కలవకపోవడం అన్న లోపానికి వ్యాయామమే చికిత్స. అయితే అది రెండు కళ్ల సమన్వయానికి సంబంధించిన విషయం. కనుగుడ్డు పొడవు పెరగడం వల్ల వచ్చే హ్రస్వదృష్టిని (దూరపు వస్తువులు మసకగా కనిపించడాన్ని) గానీ, కటకం గట్టిపడటం వల్ల వచ్చే చత్వారాన్ని గానీ వ్యాయామం సరిచేయలేదు. కళ్లద్దాలు లేకుండా చూపు బాగవుతుందని విలియం బేట్స్ అనే అమెరికన్ వైద్యుడు 1920లోనే ప్రచారం చేశాడు, ఆ సిద్ధాంతం పరీక్షలకు నిలవలేదు. అరచేతులతో కళ్లు మూసుకుని కూర్చుంటే హాయిగా ఉంటుంది, అంతవరకే.

సమాధానం: పద్మజ

మాధవి గారూ, మీ అబ్బాయి గురించి రాస్తున్నాను, ఎందుకంటే మీ ప్రశ్నలో ఆలస్యం చేయకూడనిది అదే. అద్దాలు తీసేసి ఉంచితే పవర్ ఆగదు. పిల్లలకు అవసరమైన దానికన్నా తక్కువ పవర్ అద్దాలు ఇచ్చి చూసిన ఒక మలేసియా అధ్యయనంలో, వారి హ్రస్వదృష్టి మరింత వేగంగా పెరిగినట్టు 2002లో వెల్లడైంది.

నిజమైన సహజ రక్షణ ఆరుబయటి వెలుతురు. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలను బడి రోజుల్లో అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఉంచగా, మూడేళ్లలో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవారు 30.4 శాతం ఉన్నారు. అలా ఉంచని బడుల్లో ఆ సంఖ్య 39.5 శాతం. ఈ ఫలితాలు 2015లో వెలువడ్డాయి. ఆరుబయటి వెలుతురు గదిలోని వెలుతురుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, చెట్టు నీడలో ఆడుకున్నా సరిపోతుంది. రోజుకు రెండు గంటలు లక్ష్యంగా పెట్టుకోండి. ఇప్పటికే వచ్చిన పవర్ పెరగకుండా ఆపడంలో మాత్రం ఈ ఒక్కదాని ప్రభావం అంతంతమాత్రమే కనుక, తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కల గురించి, ప్రత్యేకమైన కటకాల గురించి పిల్లల కంటి వైద్యులను అడగండి.

మాధవి

అందరికీ కృతజ్ఞతలు. క్యారెట్ గురించి ఎవరూ చెప్పలేదు. పరీక్షకు వెళ్లేటప్పుడు ఏం అడగాలో కూడా చెబుతారా?

సమాధానం: శ్రీధర్

ఎ విటమిన్ లోపిస్తే రేచీకటి వస్తుంది, ఆ లోపం ఉన్నవారికి క్యారెట్, ఆకుకూరలు మేలు చేస్తాయి. లోపం లేనివారు ఎంత రసం తాగినా పవర్ తగ్గదు. లుటీన్, జియాజాంథిన్ ఉన్న మాత్రలు, వయసు మీద పడ్డాక మాక్యులా (రెటీనా అనే కంటి వెనుక పొర మధ్య భాగం) క్షీణించే జబ్బు ఒక స్థాయికి చేరినవారి కోసం పరీక్షించినవి, మీ అలసటకు కావు. పొగతాగే అలవాటు ఎవరికైనా ఉంటే, దాన్ని మానడం ఏ మాత్రకన్నా ఎక్కువగా చూపును కాపాడుతుంది.

పరీక్షలో పవర్‌తో పాటు కంటి లోపలి ఒత్తిడి, కంటి నరం చూడమని అడగండి, నీటికాసులు మొదట్లో ఏ బాధా కలిగించవు. మీకు హ్రస్వదృష్టి ఉంది కనుక రెటీనా అంచులను కూడా చూడాలి. హఠాత్తుగా మెరుపులు, ఎన్నో నల్లని చుక్కలు, ఒక పక్క తెర దిగినట్టు నీడ కనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా అదే రోజు వెళ్లండి. కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేస్తారు కాబట్టి ఆ తర్వాత కొన్ని గంటలపాటు దగ్గరి అక్షరాలు మసకగా ఉంటాయి, ఎండ గుచ్చుకుంటుంది. ఆ పూట ప్రూఫుల పని పెట్టుకోకండి, వాహనం నడపడానికి ఎవరినైనా తోడు తీసుకువెళ్లండి.