‘ట్రాన్సెస్’ డాక్యుమెంటరీ: బాంజో చేరాక అది గ్నావా సంగీతమేనా?

తంబుర: మొరాకో బృందం నాస్ ఎల్ ఘివానే మీద అహ్మద్ ఎల్ మానూనీ 1981లో తీసిన సినిమా. 2007లో స్కోర్సేసీ వరల్డ్ సినిమా ఫౌండేషన్ దాన్ని బాగుచేయించింది. సంప్రదాయానికి కొత్త ఊపిరి పోశారని అందరూ మెచ్చుకుంటున్నారు. మరి బృందంలోని అల్లాల్ చేతిలో ఉన్నది బాంజో. అది గ్నావా అనే మొరాకో క్రతు సంగీతపు వాద్యమే కాదు.

నల్లరేగడి: బాంజోను వీళ్లు తేలేదు. అల్జీర్స్ షాబీ పాటల్లో అంతకుముందు నుంచే ఉంది. గ్నావా వాద్యం గెంబ్రికి మూడు తీగలు, మేక పేగువి. తొలిచిన దుంగకు ఒంటె తోలు. మంద్రంగా మోగి చప్పున ఆగిపోతుంది. పక్కనే బెందిర్ అనే తోలువాద్యం, లోపల తోలుకు ఆనించి కట్టిన నరాలు జుయ్యిమంటుంటాయి. ఈ రెండింటినీ దాటి పాట వరస మైదానం చివరిదాకా వినబడాలంటే లోహపు తీగే కావాలి. ఊద్ అనే అరబ్ తంత్రీవాద్యమైతే మునిగిపోతుంది.

ఓరుగల్లు_చెవి: బెందిర్‌ను మన డప్పులాగే కాస్తారా?

నల్లరేగడి: కాస్తారు. చెమ్మకు తోలు వదులైతే శ్రుతి దిగుతుంది, జుయ్యిమనే మోత చప్పబడుతుంది. మంటకు ఎడంగా పట్టి తిప్పుతూ ఉండాలి. ఒకేచోట వేడి తగిలితే తోలు చిట్లుతుంది.

తంబుర: అసలుదానికి జవాబు రాలేదు. మామూలు బాంజో మెట్ల మీద పావు స్వరం పలకదు. మెట్లు పీకాలి.

నల్లరేగడి: గ్నావా వరసలు ఎక్కువగా ఐదు స్వరాలవే, అక్కడ ఆ గొడవే లేదు. మీరు మెట్టు పట్టుకుని వేలాడుతున్నారు.

సాగరతీరం: కాస్త సినిమా గురించి కూడా మాట్లాడండి!

తంబుర: సరే, మెట్టు వదిలేస్తా. గ్నావాల లీలా రాత్రంతా సాగే క్రతువు. ఒక్కో మ్లూక్‌కు, అంటే పూనే ఆత్మకు, ఒక రంగు, ఒక ధూపం, ఒక పాట. ఇనప చిడతల వేగం మెల్లగా పెరుగుతుంది. పూనినవాళ్లు తేరుకునేదాకా ఆపరు. దాన్ని కొన్ని నిమిషాల పాటకు కుదించి, ఆ పూనకం పేరే ‘అల్ హాల్’ అని అరబ్బీలో సినిమాకు పెట్టారు. బానిసలుగా తెచ్చినవాళ్ల వారసులు దాచుకున్న క్రతువండీ అది! నా బాధ ఇది, బాంజో కాదు.

నల్లరేగడి: ఇదే మొదట అనుంటే సరిపోయేది. గెంబ్రి పట్టిన పాకో ఎస్సౌయిరా గ్నావా మనిషే, ఎవరి దగ్గరా ఎత్తుకురాలేదు. బృందంలోని లార్బీ బత్మాది షావియా పల్లె. వీళ్లు కలిసిన కాసాబ్లాంకా హే మొహమ్మదీ, నలుమూలల నుంచి కూలికొచ్చినవాళ్ల పేట. ఐతా, మల్హూన్ పాటలు, గ్నావా అన్నీ ఆ సందుల్లోనే కలిశాయి.

తంబుర: పాకో ఒక్కడు ఒప్పుకుంటే ఆ క్రతువు నమ్ముకున్నవాళ్లంతా ఒప్పుకున్నట్టా?

నల్లరేగడి: కాదు. కానీ కాదనే హక్కు వాళ్లది, మీదీ నాదీ కాదు.